తలుపులు వేసుకుని కూర్చోవాలి

స్కేలు టీచర్ అని పిల్లలు చాటుగా పిలిచేవారు గాని, ఆమె ఆ స్కేలుతో ఒక్కరినీ కొట్టిన పాపాన పోలేదు. కొలిచేది, అంతే. బెంచీకీ బెంచీకీ మధ్య ఎడం సమానంగా ఉందో లేదో కొలిచేది. నోటుపుస్తకంలో మార్జిను వంకరపోతే కొలిచి చూపించేది. కొలజాడీలో నీటిమట్టం చూడాలంటే కంటిని ఆ మట్టానికే దించాలని, నీరు గాజు అంచున ఎంత ఎగబాకినా అడుగు వంపు దగ్గరే అంకె చదవాలని నేర్పడానికి ఏటా ఏడో తరగతి పిల్లలందరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టేది. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు వేసే ముందు చెంచా మీద పోగైన ఉప్పును కత్తి వెన్నుతో చదును చేస్తుంటే, గుమ్మంలో కూర్చున్న అత్తగారు ఊరుకునేవారు కాదు.

"బంగారం తూచే త్రాసు తెప్పించమంటావా అమ్మాయ్? అదొచ్చేలోగా ఈ కూర మాడి బొగ్గయిపోతుంది, అదొక్కటే చిక్కు."

ఆమె నవ్వి ఊరుకునేది. భర్త రైల్లో గార్డు. నెలలో సగం రోజులు పట్టాల మీదే. ఇంట్లో మిగిలేది ఈ ఇద్దరు ఆడవాళ్ళే. ఒకరికి మాట్లాడకపోతే పొద్దుపోదు. మరొకరికి నిశ్శబ్దం లేకపోతే ఆలోచన సాగదు. అయినా ఇద్దరికీ బాగానే కుదిరింది.

నిశ్శబ్దం మీద ఆమెకు అంత మమకారం ఉండటానికి కారణం ఉంది. చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలో సున్నితమైన త్రాసు ముందు గంటల తరబడి కూర్చున్న మనిషి. పక్కన ఎవరైనా తలుపు తీసినా ముల్లు వణికేది, గట్టిగా ఊపిరి వదిలినా వణికేది. అందుకని తలుపు మూయాలి, ఫ్యాను ఆపాలి, ముల్లు నిలిచేదాకా కదలకుండా కూర్చోవాలి. కదలనిదాన్నే సరిగ్గా కొలవగలమన్నది ఆమెకు అక్కడ ఒంటబట్టిన మాట. త్రాసును వదిలి బడికి వచ్చింది గాని, ఆ మాటను వదిలి రాలేదు.

ఆ ఏడు ముసురు ముందుగా పట్టింది. బడి పాత భవనానికి రెండు స్తంభాలు నిలువునా బీటలు వారాయి. ఇంజనీర్లు వచ్చి, వేళ్ళు పెట్టి చూసి, పెదవి విరిచి, గేటుకు తాళం వేయించారు. మరమ్మతు పూర్తయ్యేదాకా పాఠాలు ఫోన్లలోనే అని యాజమాన్యం చెప్పింది.

మొదటి వారం ఏడో తరగతి సంతలా సాగింది. ఒకడు పళ్ళు తోముకుంటూ వచ్చాడు. ఒకమ్మాయి ఒళ్ళో పిల్లి. ఎవరింట్లోనో కుక్క, ఎవరింట్లోనో చంటిపిల్ల. అయస్కాంతాల గురించి చెబుతుండగా ఒక ముసలమ్మ తెరనిండా మొహం పెట్టి, "ఈవిడేనేమిటే మీ టీచరు? ఇంత సన్నగా ఉందేం, తినదా?" అని వాకబు చేసింది. తరగతంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది వసపిట్ట. రేకు బకెట్లు చేసే దుకాణదారు కూతురు ఆ పిల్ల. నోటికి అడ్డూ ఆపూ లేదు గనుక తోటి పిల్లలే ఆ పేరు పెట్టారు. ఫోను తెర మీద దాని మొహం కనిపించే గడిలోంచి మాటలతో పాటు తండ్రి సుత్తి దెబ్బలు కూడా వినబడేవి.

"టీచర్, మా నాన్న కొట్టేది రేకుని కాదు టీచర్, నా బుర్రని! ఒక్క ముక్క ఎక్కట్లేదు."

ఆ ఆదివారం స్కేలు టీచర్ ఒక తెల్లకాగితం తీసుకుని నియమాలు రాసింది. ప్రయోగానికి ముందు షరతులు రాసుకున్నట్టే, ఒక్క మాట ఎక్కువ కాకుండా, ఒక్క మాట తక్కువ కాకుండా రాసింది. కెమెరా తెరిచి ఉంచాలి. తెర మీద పేరు బదులు హాజరు పట్టీలోని అంకె కనిపించాలి. మైకు టీచర్ ఇచ్చినప్పుడే. విద్యార్థి తనంతట తాను తెరవకూడదు. మాట్లాడాలంటే చెయ్యెత్తి, పిలిచేవరకూ ఆగాలి. వెనక ఖాళీ గోడ ఉండాలి. ఇంట్లో మనుషులు, సామాను కనిపించకూడదు. అనుమతి లేకుండా లేవకూడదు. బయటి చప్పుడు రాకుండా తలుపులు, కిటికీలు వేసుకుని కూర్చోవాలి.

పది రోజులు తిరిగేసరికి తరగతి గాడిన పడింది. తెర మీద ముప్ఫైకి పైగా గడులు, గడికో మొహం, మొహం వెనక గోడ. ఆమె మాట ఒక్కటే వినబడేది. మధ్యలో ఒకసారి హెడ్మాస్టరుగారు తొంగిచూసి ఆశ్చర్యపోయారు.

"ఏం మంత్రం వేశారమ్మా? చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది! ఆ కాగితం నాకు పంపండి. అన్ని తరగతులకీ ఇదే పెడదాం. యాజమాన్యం వాళ్ళ మిగతా బళ్ళకి కూడా పంపిస్తాను."

ఆమెకు సంతోషం కలిగిందంటే తప్పు లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె చేసిన పని తరగతి గది గోడలు దాటడం అదే మొదటిసారి. అత్తగారు మాత్రం తలుపు సందులోంచి ఆ తెరను కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"వీళ్ళు నిజం పిల్లలేనా అమ్మాయ్, ఫోటోలా? నోళ్ళు కుట్టేశావా ఏమిటి? చూస్తుంటే నాకెందుకో ఒళ్ళు జలదరిస్తోంది."

"చదువుకుంటున్నారత్తయ్యా."

"ఏమో మరి. నలుగురు పిల్లలున్న చోట చప్పుడు లేదంటే, మా రోజుల్లో లేచి వెళ్ళి చూసేవాళ్ళం."

ఆ గడుల్లో ఇరవైమూడో అంకె ఇస్త్రీ షాపు వాళ్ళమ్మాయిది. పిల్లలు దాన్ని బొమ్మ అనేవారు. నోట్లో నాలుక లేని పిల్ల. కూర్చుంటే కూర్చున్నట్టే, కళ్ళు తెర మీదే. జడ ఏ భుజం మీద ఉంటే పాఠం అయ్యేదాకా ఆ భుజం మీదే. వెనక గోడ కాదు గాని, ఈ కొస నుంచి ఆ కొసకు కట్టిన బూడిదరంగు దుప్పటి. మడత నలగని దుప్పటి. ఇస్త్రీ వాళ్ళిల్లు కదా అనుకుంది టీచర్.

మొదట్లో ఆ పిల్లను ఒకసారి మందలించవలసి వచ్చింది. ఏదో ప్రశ్నకు జవాబు చెప్పమని మైకు ఇవ్వగానే, జవాబు కంటే ముందు ఠంగు ఠంగుమని రేకుల మోత వచ్చింది. రేకుల దుకాణం వీళ్ళ పక్కిల్లే మరి.

"ఇరవైమూడూ, తలుపులు వేసుకోవాలని రాశానా లేదా?"

"రాశారు టీచర్."

"చదివావా?"

"చదివాను టీచర్. మా అమ్మ..."

"అమ్మ సంగతి కాదు, నీ సంగతి చెప్పు."

ఆ పిల్ల తల దించుకుంది. మర్నాటి నుంచి దాని గడిలో రేకుల మోత లేదు. ఏ మోతా లేదు. నెల తిరిగేసరికి స్కేలు టీచర్ ఆ గడిని ఫోటో తీసి తరగతికంతా చూపించి, "కూర్చోవడమంటే ఇదీ" అంది. వసపిట్ట గడిలో నాలుక బయటికి రావడం ఆమె చూడకపోలేదు.

ఆ తర్వాతే చిన్నచిన్న తేడాలు మొదలయ్యాయి. బొమ్మ రాసిన జవాబుల్లో అక్షరాలు గీతను వదిలి కిందికి జారసాగాయి. పాఠం మొదలైన కాసేపటికి కనురెప్పలు బరువెక్కేవి. ఒక పొద్దున చెయ్యెత్తి, పిలిచేదాకా ఆగి, అడిగింది.

"టీచర్, తల తిరుగుతోంది. కాసేపు తలుపు తీసుకోనా?"

"పాఠం అయ్యాక తియ్యి. ఇప్పుడు తీస్తే ఆ రేకుల మోత అందరూ వినాలి."

"సరే టీచర్."

మరోసారి బొమ్మ వెనకనున్న దుప్పటి అదేపనిగా కదులుతుంటే టీచర్ చూపు అటే పోసాగింది. మెల్లగా లోపలికి పోయి, మెల్లగా వెనక్కి వచ్చేది.

"ఫ్యాను ఆపమ్మా. దుప్పటి ఊగుతోంది."

"మాకు ఫ్యాను లేదు టీచర్."

"అయితే కిటికీ ముయ్యి."

"మూసేశాను టీచర్. సందుల్లో పాత గుడ్డలు కూడా కుక్కాను."

"మంచిది" అని ఆమె పాఠంలోకి వెళ్ళిపోయింది. మర్నాడు చూస్తే దుప్పటి కింది అంచు మీద రెండు ఇటుకలున్నాయి. అడగకుండానే పెట్టింది పిల్ల. ఫ్యాను లేని గదిలో, కిటికీ బిగించిన గదిలో, దుప్పటి ఎందుకు ఊగుతోందని సైన్సు చెప్పే మనిషి అడగలేదు. ఊగడం ఆగింది గనుక తృప్తిపడింది.

తూగడం మాత్రం ఆగలేదు. అందుకని ఒక సాయంత్రం ఇస్త్రీ ఆవిడకు ఫోను చేసింది.

"టీచరమ్మా! పిల్ల ఏమన్నా తప్పు చేసిందా?"

"తప్పని కాదు. క్లాసులో తూగుతోంది. రాత్రిళ్ళు ఫోను చూస్తోందేమో కనుక్కుందామని."

"ఫోనెక్కడిదమ్మా, మా ఇంటికంతా ఇదొక్కటేగా. రాత్రి నా తలకిందే ఉంటుంది. పిల్ల తిన్న వెంటనే ఒళ్ళు తెలీకుండా పడుకుంటుంది. అయినా పొద్దున క్లాసు మొదలైతే చాలు, తల వాల్చేస్తోంది. నాకూ అంతేలెండి. ఈ ముసురుకేమో, పొద్దున అదే గదిలో పని మొదలెట్టిన గంటకి తల దిమ్మెక్కిపోతుంది. కడుపులో తిప్పుతుంది. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే."

"డాక్టరుకి చూపించకపోయారా?"

"ఆదివారం వెళ్దామనుకున్నాం. తీరా ఆదివారం ఇద్దరికీ శుభ్రంగా ఉంది. ఏ రోగమూ లేకుండా పోయి కూర్చుంటే డాక్టరు నవ్విపోడూ?"

ఫోను పెట్టేశాక ఆమె ఆ మాటలు అత్తగారికి చెప్పింది. ఆవిడ కాళ్ళకు నూనె రాసుకుంటున్నారు.

"తల్లికీ పిల్లకీ ఒకే వేళకి తలనొప్పా? ఒక తలకాయనే ఇద్దరూ వాడుకుంటున్నారా ఏమిటి?"

అది వేళాకోళం. ఇద్దరూ నవ్వుకున్నారు. నిజానికి కావలసిన కొలతలన్నీ ఆ సాయంత్రం ఆమె ముందు పరిచినట్టే ఉన్నాయి: ఇద్దరు మనుషులు, ఒకే గది, ఒకే వేళ, ఆదివారం మినహాయింపు. పిల్లలు ఇలాంటి పట్టిక రాసుకొస్తే, దీన్నిబట్టి ఏం తేలుతోంది అని ఆమె వాళ్ళను నిలదీసేది. తనను తాను అడగలేదు. బద్ధకం అనుకుంది, వానాకాలపు బద్ధకం.

ఆ వారంలో పాఠం దహనం. బల్ల మీద చిన్న కొవ్వొత్తి, పక్కన గాజు గ్లాసు అమర్చుకుంది. వాన ఉదయం నుంచీ వదలకుండా పడుతోంది. కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో ఇంకా ఛార్జింగు ఉంది. పిల్లలందరూ ఫోన్లలో వచ్చారు. గడులన్నీ ఆ రోజు కాస్త చీకటిగా ఉన్నాయి. చీకటిలో మొహాలు, మొహాల వెనక గోడలు, ఎక్కడా కదలిక లేదు.

కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించబోతుండగా ఇరవైమూడో గడిలో చెయ్యి లేచింది.

"పాఠం మధ్యలో ఆపకూడదు. ఇది అవనివ్వు, అడుగుదువుగాని."

చెయ్యి దిగలేదు. పిలిచేవరకూ ఆగాలన్నది నియమం. ఆమె గ్లాసు బోర్లించి, మంట వైపు తిరిగింది.

"చూడండి. మంట ఒక్కసారిగా ఆరదు. ముందు పొట్టిదవుతుంది. లోపలున్న గాలిలో మండటానికి పనికొచ్చేది తగ్గిపోతున్న కొద్దీ..."

మంట కుంచించుకుపోయి, నీలంగా మారి, ఆరింది. సన్నని పొగ గ్లాసు లోపల తిరిగింది. ఆమె మళ్ళీ తెర వైపు మొహం తిప్పింది. ఇరవైమూడో గడిలో చెయ్యి దిగిపోయి ఉంది. పిల్ల పక్క గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. జడ భుజం మీదే ఉంది. కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఎంత కదలకుండా కూర్చుందీ పిల్ల అనిపించింది ఆమెకు.

నోరు మాత్రం అలవాటుగా పాఠం చెబుతూనే ఉంది.

"కొవ్వొత్తి ఆరిపోయి మనకు హెచ్చరిక చేస్తుంది. బొగ్గు అలా కాదు. మూసిన గదిలో బొగ్గు కాలితే, గాలి చాలనప్పుడు, ఒక విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చిన మనిషికి ముందు తలనొప్పి, తర్వాత మత్తు..."

ఆ మాట దగ్గర ఆమె మళ్ళీ ఇరవైమూడో గడి వైపు చూసింది.

బూడిదరంగు దుప్పటి కదులుతోంది. కింది అంచు ఇటుకల కింద బిగిసి ఉంది గాని, నడుమ భాగం మెల్లగా లోపలికి పీల్చుకుపోతోంది, మెల్లగా వెనక్కి వస్తోంది. ఊపిరి తీస్తున్నట్టు. ఆ గదిలో ఊపిరి తీస్తున్నది అదొక్కటే అయినట్టు. దుప్పటి అవతల ఏదో వేడిగా ఉంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే కింది గాలి అటు లాగబడుతోంది. కరెంటు లేదు. ఇస్త్రీపెట్టెలు బొగ్గువి. వానకు అరుగు మీద పని సాగదు, కుంపటి లోపలికి వచ్చి ఉంటుంది. తలుపు వేసి ఉంది. కిటికీ సందుల్లో గుడ్డలున్నాయి. మనుషులు, సామాను కనిపించకూడదని మధ్యలో దుప్పటి కట్టి ఉంది.

ఆమె తెర మీదికి వంగింది.

"ఇరవైమూడూ! లే! లేచి తలుపు తియ్యి! అమ్మా, నీతోనే! తలుపు తియ్యి!"

పిల్ల కదలలేదు.

ఆమె ఫోను అందుకుని ఇస్త్రీ ఆవిడ నంబరు నొక్కింది. నొక్కిన మరుక్షణం ఇరవైమూడో గడిలో దృశ్యం బిగుసుకుపోయింది, దుప్పటితో సహా. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆ పిల్ల ఎదురుగానే ఉందని. వెంటనే ఫోను పెట్టేసింది. దృశ్యం మళ్ళీ కదిలింది. అంటే దుప్పటి కదిలింది.

"ఇస్త్రీ షాపు దగ్గర ఎవరున్నారు? పిల్లలూ, ఆ ఇంటి పక్కన ఎవరుంటారు? చెప్పండి!"

పక్కిల్లు రేకుల దుకాణమన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టలేదు. తెర నిండా చేతులు లేచాయి. వరసగా, క్రమంగా, ఒకదాని తర్వాత ఒకటి. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. కొందరి పెదవులు కదులుతున్నాయి. ఒక్క శబ్దం లేదు. ఆ చేతులన్నీ ఆమె పిలుపు కోసం ఆగి ఉన్నాయి.

 అందరి మైకులూ ఒకేసారి తెరిచే మీట ఎక్కడుందో వెతకవలసి వచ్చింది; ఇంతకాలం దాన్ని మూయడానికే గాని తెరవడానికి వాడలేదు. వేళ్ళు జారాయి. దొరికింది.

ముప్ఫై ఇళ్ళ చప్పుడు ఒక్కసారిగా గదిలోకి పడింది. కుక్కలు, చంటిపిల్లలు, వాన, ఎవరిదో దగ్గు, టీచర్ టీచర్ అని అరుపులు, వాటన్నిటి మధ్య ఠంగు ఠంగుమని సుత్తి.

"టీచర్, నేను! నేను టీచర్, మా పక్కిల్లే!" వసపిట్ట తెరకు మొహం ఆనించి అరుస్తోంది. "బొమ్మకేమైంది టీచర్?"

"మీ నాన్నని పిలువు! వాళ్ళ తలుపు పగలగొట్టమను! లోపల బొగ్గులున్నాయి, నువ్వు మాత్రం లోపలికి వెళ్ళకు, నాన్నని పిలు..."

వాక్యం పూర్తికాలేదు. వసపిట్ట అనుమతి అడగకుండా లేచి, కుర్చీ తన్నుకుంటూ గడిలోంచి మాయమైపోయింది. "నాన్నా! ఓ నాన్నా! సుత్తి పట్టుకుని రా!" అన్న కేక దూరమైంది. సుత్తి దెబ్బలు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఆమె చేయగలిగింది చూడటం ఒక్కటే. ఖాళీ కుర్చీ ఉన్న గడి ఒకటి, కదలని పిల్ల ఉన్న గడి ఒకటి. అత్తగారు ఎప్పుడు వచ్చారో, వెనక నిలబడి ఆమె భుజం గట్టిగా పట్టుకుని ఉన్నారు.  పిల్లలు అరవడం మానేశారు. మైకులన్నీ తెరిచే ఉన్నా తరగతి మళ్ళీ నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఇరవైమూడో గడిలోంచి తలుపు మీద పడ్డ మొదటి దెబ్బ వినబడింది. రెండోది. గడియ ఊడిన చప్పుడు.

దుప్పటి ఒక్కసారిగా తెరచాపలా ఉబ్బింది. ఒక వైపు తాడు తెగి, జారి, కింద పడింది. దాని వెనక ఇన్నాళ్ళూ ఎవరూ చూడని గది కనబడింది: కాళ్ళు వంగిన ఇస్త్రీబల్ల, మడతపెట్టిన బట్టల దొంతరలు, మూలన కణకణలాడే కుంపటి. బల్ల కాలికి వీపు ఆనించి ఇస్త్రీ ఆవిడ కూర్చుని ఉంది, గడ్డం రొమ్ముకు ఆని. ఒళ్ళో సగం మడిచిన చొక్కా. తర్వాత రేకుల దుకాణదారు వెడల్పాటి వీపు తెరకు అడ్డం వచ్చింది.

ఇద్దరూ బతికారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తల్లికి రెండో రోజు మాట తేటగా వచ్చింది. పిల్లకు ఇంకొన్నాళ్ళు పట్టింది. తెలిసిన మాటే నోటికి రావడానికి వెతుక్కునేది. ఇది మెల్లగా పోవచ్చు, పోకపోవచ్చు కూడా, చూస్తూ ఉండాలి అన్నాడు డాక్టరు. స్కేలు టీచర్ మంచం పక్కకు వెళ్ళేసరికి బొమ్మ మేలుకునే ఉంది. ఆమెను చూసి, మాస్కు కింద ఏదో అనబోయి, ఆగింది. చెయ్యెత్తింది.

ఎత్తి, పిలిచేదాకా ఆగింది.

"చెప్పు తల్లీ."

"దుప్పటి... పడిపోయిందట కదా టీచర్. లోపలంతా అందరికీ కనబడిపోయిందా?"

ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది.

అటునుంచి అటే హెడ్మాస్టరుగారికి ఫోను చేసింది. తలుపుల నియమం తీసేయాలంది. దుప్పట్లు, తెరలు కట్టకూడదని అన్ని తరగతులకూ ఇప్పుడే చెప్పాలంది.

"మీ బాధ నాకర్థమైందమ్మా. మన ఏడో తరగతికి మీరు తీసేశారుగా, చాలు. మిగతావాటికి కాగితం యాజమాన్యం పేరు మీద వెళ్ళిపోయింది. అన్ని బళ్ళలోనూ నడుస్తోంది. మార్చాలంటే పైవాళ్ళు కూర్చుని మార్చాలి. వచ్చే వారం సమావేశంలో పెడతాను. అయినా ఇస్త్రీ షాపులు ఎన్నుంటాయి చెప్పండి?"

"కుంపట్లు ఇస్త్రీ షాపుల్లోనే ఉంటాయాండీ? ఈ ముసురులో నీళ్ళెక్కడ కాచుకుంటారు? జెనరేటర్లు ఎక్కడ పెడతారు?"

"వచ్చే వారం అన్నాను కదమ్మా."

ఆ మర్నాడు వాన మరింత పెరిగింది. తెల్లవారేసరికే కరెంటు పోయింది, ఊరంతటికీ. ఆమె ఒక్కొక్క టీచరుకే స్వయంగా చెబుదామని ఫోన్లు మొదలుపెట్టింది. ఇద్దరు ముగ్గురు విన్నారు. ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారు ఎత్తలేదు. పాఠం వేళకు ఫోను మూగగా ఉంచాలన్న నియమం ఆయన తనంతట తానే చేర్చుకున్నారు. ఆయనా పద్ధతి గల మనిషే. అందుకని ఆయన తరగతిలోకి నేరుగా వెళ్ళింది. టీచర్లకు ఏ తరగతిలోకైనా వెళ్ళే వీలుంది.

తెర తెరుచుకుంది. పెద్ద గడిలో తెల్లపలక, దాని మీద ఏదో సమీకరణం ఒక్కో అక్షరంగా పడుతోంది. మాస్టారి గొంతు తప్ప ఇంకో శబ్దం లేదు. పక్కన చిన్న గడులు, గడికో అంకె, అంకెకో మొహం. చివరి గడిలో తను.

"మాస్టారూ, ఒక్క నిమిషం. మాస్టారూ!"

ఆయన ఆగలేదు. ఆమె గడి మూలన మైకు గుర్తు మీద అడ్డగీత ఉంది. దాన్ని నొక్కింది. మైకు ఇచ్చే అధికారం తరగతి నడిపేవారికే ఉందని ఒక వాక్యం వచ్చి, మాయమైంది. ఆ వాక్యం వెనకనున్న నియమం రాసింది తనే. చెయ్యెత్తింది. పలక మీదే చూపు ఉన్న మాస్టారికి చేతులు కనబడవు.

అప్పుడు, రెండో వరసలో, నీలం పూల దుప్పటి కనబడింది. దాని ముందు ఒక పిల్లవాడు నిటారుగా కూర్చుని ఉన్నాడు. దుప్పటి మెల్లగా లోపలికి పోయింది. వెనక్కి వచ్చింది. కిటికీ సందులోంచి గాలేమో. అయ్యుండవచ్చు. మళ్ళీ లోపలికి పోయింది.

"ఏమైంది అమ్మాయ్?" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "ఎందుకలా చెయ్యెత్తి కూర్చున్నావు?"

"అత్తయ్యా, నా ఫోను తీసుకుని హెడ్మాస్టరుగారికి చేస్తూనే ఉండండి. ఆపకండి."

ఆమె బల్ల మీదున్న కాగితం లాక్కుని, వెనకవైపు పెద్ద అక్షరాలతో తలుపులు తెరవండి అని రాసి, రెండు చేతులతో కెమెరా ముందు పట్టుకుంది. మాస్టారు చూడలేదు. పిల్లలు చూశారు. ఒక్కొక్క గడిలో కళ్ళు పలక మీంచి పక్కకు జరిగి ఆమె గడి మీద నిలవడం, ఆ అక్షరాలను కూడబలుక్కోవడం ఆమెకు స్పష్టంగా తెలుస్తోంది. నీలం దుప్పటి ముందున్న పిల్లవాడు కూడా చదివాడు. తల కొద్దిగా తిప్పి, తన గదిలో తలుపు ఉన్న వైపు చూశాడు. మళ్ళీ పలక వైపు చూశాడు.

తర్వాత, కూర్చున్న చోటే, చెయ్యెత్తాడు.

వెనక అత్తగారి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తడం లేదు. కాగితం పట్టుకున్న చేతులు ఆమె దించలేదు. తెర మీద ఒక్కో చెయ్యే లేస్తోంది, పిలుపు కోసం. వాటి వెనక దుప్పటి లోపలికి పోతోంది, వెనక్కి వస్తోంది.